వానాకాలంలో దేశవాళీ తేనెటీగల పెట్టె ఖాళీ: మైనపు పురుగు పనా, ఆకలి పనా?

గోదారి తోట:

అందరికీ నమస్కారమండి. అంబాజీపేట వైపు కొబ్బరి, కోకో కలిసిన తోటలో ఐదు పెట్టెలున్నాయి. అన్నీ దేశవాళీ ఈగలే (పుట్ట తేనెటీగలు). ఐ.ఎస్.ఐ. ఏ-రకం, ఎనిమిది చట్రాల పెట్టెలు. మే నెలలో ఐదూ నిండుగా ఉన్నాయి. ఇప్పుడు ఆగస్టు రెండో వారం. పరిస్థితి ఇదీ:

1, 2 పెట్టెలు: ఆరేసి చట్రాల మీద ఈగలున్నాయి. పుప్పొడి తెస్తున్నాయి. తేనె గది మాత్రం ఖాళీ.

3వ పెట్టె: పోయిన గురువారానికి ఒక్క ఈగ లేదు. ఐదు పట్టులకి సాలెగూడులాంటి తెల్లటి తీగలు, వాటిలో బూడిదరంగు పురుగులు. పిల్లలు లేవు, తేనె చుక్క లేదు.

4వ పెట్టె: మూడు చట్రాల మీదే ఈగలు. మూత వేసిన పిల్లల అరల మధ్య ఏడెనిమిది అరలకి ఒకే వరసలో మూతల్లేవు. తెల్లటి పిల్లలు కళ్లతో సహా బయటికి కనబడుతున్నాయి.

5వ పెట్టె: ఇదీ మూడు చట్రాలే. పొద్దున్నే గుమ్మం ముందు పది పదిహేను తెల్ల పిల్లపురుగులు పడి ఉంటున్నాయి. కొన్ని అరల మూతలకి మధ్యలో సూదితో పొడిచినట్టు బెజ్జం ఉంది. ఇది రోగమా?

మైనపు పురుగుకి ఏ మందు వాడాలి? పంచదార పాకం ఇప్పుడు పెట్టొచ్చా, ఎంత పెట్టాలి? పుప్పొడి బాగానే వస్తోంది కదా అని ఇంతవరకూ ఏమీ పెట్టలేదు.

ఎనిమిది చట్రాలు:

గోదారి తోట గారూ, మందు సంగతి పక్కన పెట్టండి. ముందు ఆకలికి ఈగలు తగ్గాయి. తగ్గాక కాపలా లేని పట్టుల్లోకి పురుగు దిగింది. రుజువు మీరు రాసిన దాంట్లోనే ఉంది: పిల్లలూ లేవు, తేనే లేదు. దేశవాళీ ఈగ బెదిరిపోయి లేచిపోతే పిల్లల్ని వదిలేసి అప్పటికప్పుడు పోతుంది. ఆకలికి పోయేటప్పుడు తీరిగ్గా పోతుంది. రాణి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. మూత వేసిన పిల్లలన్నీ ఈగలై బయటికి వచ్చేదాకా ఆగుతాయి. మిగిలిన తేనె కడుపులో నింపుకుని, వాన తెరిపిచ్చి ఎండ కాసిన పూట లేచిపోతాయి. అంటే 3వ పెట్టె గురువారం ఖాళీ అయినా, మూట సర్దుకోవడం మూడు వారాల కిందటే మొదలైందన్నమాట.

కొబ్బరి తోటల్లో పొరబాటు జరిగేది పుప్పొడి దగ్గరే. కొబ్బరి ఏడాదంతా పూస్తుంది కాబట్టి ఈగ కాళ్లకి పుప్పొడి ఎప్పుడూ కనబడుతుంది, చూసినవాడికి ధైర్యంగా ఉంటుంది. కానీ పుప్పొడి పిల్లల తిండి. పెద్ద ఈగ బతికేది తీపి మీద. వానకి పువ్వులో మకరందం కడుక్కుపోతుంది, ఉన్నది పలచనవుతుంది, ఈగ బయట తిరిగే గంటలు కూడా తగ్గుతాయి. వేప, కానుగ, చింత, నేరేడు పూతలు వేసవితోనే సరి. కోకో మీద ఆశ పెట్టుకోకండి, ఆ పువ్వుకి పరాగం చేర్చేది సన్నటి దోమల్లాంటి పురుగులు.

మీరు మేలో తేనె తీసినప్పుడు పిల్లల గదిలో పట్టుల పైఅంచున ఉండే తేనె కూడా కోశారా?

4వ పెట్టెలో మీరు చూసిన ఆ వరస మైనపు పురుగు నడిచిన దారి. పురుగు మూతల కింద, పిల్లల తలల మీదుగా సొరంగం చేసుకుంటూ పోతుంది. దాన్ని పట్టుకోవడానికి ఈగలు మూతలు కొరికేస్తాయి. అందుకే చెదురుమదురుగా కాకుండా ఒకే గీతలా కనబడుతుంది. పట్టుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే, గీత చివర మూతల కింద నల్లని నీడలా పురుగు కదులుతుంది. పట్టకారుతో లాగేయండి.

తర్వాత ఆ పెట్టెని ఈగలకి సరిపడా కుదించాలి. రెండు వైపులా ఈగలు కప్పి ఉన్న చట్రాలే ఉంచండి. మిగతా ఐదూ తీసేయండి. మూడో చట్రం పక్కన చెక్క అడ్డుపలక నిలబెట్టండి. పలక లేకపోతే పెట్టె కొలతకి కోసిన థర్మాకోల్‌కి గోనెగుడ్డ చుట్టినా పని జరుగుతుంది. తేనె గది దించేయండి. ఈగ కాలు మోపని పట్టు ఒక్కటి కూడా పెట్టెలో ఉండకూడదు. వానాకాలం సూత్రం ఇదొక్కటే అనుకోండి.

అడుగుపలక వారానికోసారి గీకాలి. దేశవాళీ ఈగకి పాత నల్లపట్టు నచ్చదు, కొరికి కింద పోస్తుంది. ఆ మైనపు పొడి బియ్యపు నూకలా అడుగున పేరుకుంటుంది. మైనపు రెక్కపురుగు గుడ్లు పెట్టేది దాంట్లోనే, పెట్టె సందుల్లోనే. ఐరోపా ఈగలాగా మన ఈగ చెట్ల జిగురు తెచ్చి సందులు పూడ్చుకోదు, ఆ పని మనమే చెయ్యాలి. మట్టీ పేడా కలిపి బయటి నుంచి మెత్తండి, లేదా కరిగించిన మైనం పోయండి.

4, 5 పెట్టెలు రెండూ బలహీనంగా ఉన్నాయి కాబట్టి కలిపేస్తే ఆరు చట్రాల కుటుంబం ఒకటి దక్కుతుంది. ఇది నా సలహా.

కిటికీ దగ్గర కూర్చున్నా:

నాఫ్తలీన్ ఉండలు నాలుగు గుడ్డలో కట్టి అడుగుపలక మీద పెడితే పురుగు దరిదాపుల్లోకి రాదు. బీరువాలో బట్టలకి పెట్టేవే. ఖర్చూ లేదు.

పొగడబ్బా:

నాఫ్తలీన్ వద్దే వద్దు, ఈగలున్న పెట్టెలో అసలే వద్దు. ఆ వాసన మైనంలో ఇంకిపోయి, అక్కడి నుంచి తేనెలోకి వస్తుంది. వచ్చే వేసవిలో ఆ తేనె నోట్లో పెట్టుకుంటే బీరువా తెరిచినట్టుంటుంది, అమ్మడానికీ పనికిరాదు. ఉత్త పట్టులు దాచే పెట్టెలో కూడా అది పెట్టకూడదు.

3వ పెట్టె పట్టులు దాచుకోవడం దండగ. తీగలు పట్టినవి కోసేసి కోళ్లకి పడేయండి, పురుగులు ఒక్కటి మిగల్చవు. బాగున్నవి గోనెసంచిలో కట్టి వేడినీళ్లలో ముంచి మైనం తీసుకోండి. దేశవాళీ ఈగకి పాతపట్టు ఇవ్వడం కంటే కొత్త మైనపు ఆకు (పట్టు కట్టుకోవడానికి చట్రంలో పెట్టే పలుచని మైనపు రేకు) ఇవ్వడమే మేలు. లేతగా ఉన్న పట్టు ఒకటీ అరా కచ్చితంగా దాచాలనుకుంటే పాలిథీన్ కవరులో చుట్టి ఫ్రిజ్‌లో ఐసు గదిలో ఒక రోజంతా పెట్టండి, గుడ్లతో సహా చస్తాయి. గంధకం పొగ పెడితే పురుగు చస్తుంది గానీ గుడ్డు చావదు. అందుకే పది పన్నెండు రోజులకి రెండోసారి పెట్టాలి. ఆ పొగ గాలి కంటే బరువు, కాబట్టి గంధకం వెలిగించిన చిప్ప పట్టుల కింద కాకుండా పైన ఉండాలి. తలుపులు తీసి, ముక్కుకి గుడ్డ కట్టుకునే చెయ్యండి.

ఖాళీ పెట్టె లోపలి గోడల్ని చేత్తో తడిమి చూడండి. చెక్కలో చిన్నచిన్న పడవల్లాంటి గుంటలు తగులుతాయి. ముదిరిన పురుగు గూడు కట్టుకునే ముందు చెక్కని అలా తొలుచుకుంటుంది. ఆ గూళ్లు గీకేసి, కొబ్బరి మట్టలు వెలిగించి లోపలంతా ఒకసారి సెగ చూపించండి. చెక్క రంగు కాస్త మారితే చాలు.

వలిసె పూలు:

పాడేరు నుంచి రాస్తున్నాను. మాకు వలిసె (నూనెగింజల పంట) పూత అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. అప్పటిదాకా ఇక్కడా ఇదే కరువు. పై సలహాలన్నీ సరే గానీ ఒక్కదానికి అడ్డం చెప్పాలి. 4, 5 పెట్టెలు ఇప్పుడే కలపొద్దు. 5వ పెట్టె ముందు పిల్లపురుగులు పడుతున్నాయన్నారు. అవి ఎలా చచ్చాయో తేలకుండా ఆ పెట్టెలోది ఏదీ ఇంకో పెట్టెలోకి పోకూడదు. చట్రం, ఈగలు, చివరికి మీ చేతి గుడ్డ కూడా.

నా భయం థాయ్ శాక్‌బ్రూడ్ అనే పిల్లపురుగుల రోగం గురించి. 1991-92లో దక్షిణాదిలో దేశవాళీ పెట్టెల్ని ఊళ్లకి ఊళ్లు ఊడ్చేసింది ఇదే. వైరస్ కాబట్టి యాంటీబయోటిక్ పొడులు దానికి పనిచేయవు. అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉంటారు.

పట్టకారు తీసుకుని పరీక్ష చెయ్యండి. మూతపడిన అరల్లో, మూత కాస్త కుంగినవో ఈగలు సగం తీసినవో చూడండి. శాక్‌బ్రూడ్ అయితే పిల్ల అరలో వెల్లకిలా సాగి ఉంటుంది, తల వైపు పైకి లేచి ఉంటుంది. తెలుపు పోయి పాలిపోయిన పసుపు, తర్వాత బూడిదగోధుమ రంగు వస్తుంది. తలదగ్గర పట్టుకుని లాగితే చిరక్కుండా చిన్న సంచిలా మొత్తం వచ్చేస్తుంది, సంచిలో నీళ్లుంటాయి. ఎండిపోతే పడవ ఆకారంలో పెచ్చులా అరలోంచి సులువుగా ఊడొస్తుంది. వాసన పెద్దగా ఉండదు.

అగ్గిపుల్ల గుచ్చి లాగితే బంకలా తీగ సాగితే అది వేరే రోగం, అమెరికన్ ఫౌల్‌బ్రూడ్. మూత పడకముందే చచ్చి, పుల్లటి కంపు కొడితే యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్. ఆకలైతే ఇవేవీ ఉండవు. ఈగలు బతికున్న పిల్లల్నే లాగి, రసం పీల్చేసి, తొక్కలు గుమ్మం బయట పారేస్తాయి. చలి తగిలి చచ్చినవైతే ఈగలు కప్పలేకపోయిన పట్టు అంచుల్లోనే ఉంటాయి.

ఇక మూత మీది సూది బెజ్జం. అది రోగం కాదు. దేశవాళీ ఈగల్లో పోతుటీగ అర మూత అలాగే ఉంటుంది. ఉబ్బెత్తుగా, నడిమధ్యన గుండ్రటి బెజ్జంతో. కొత్తవాళ్లు దాన్ని చూసే ఎక్కువ కంగారు పడతారు. కానీ ఆగస్టు కరువులో, మూడు చట్రాల పెట్టెలో పోతుటీగల అరలు ఎందుకున్నాయి? అది ఆలోచించాల్సిన విషయం. ఆ అరలు పట్టు అడుగు అంచున గుంపుగా ఉన్నాయా, లేక కూలి ఈగల అరల మధ్యే అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయా? గుడ్లు కూడా చూడండి. ఎండని భుజం వెనక ఉంచుకుని, వెలుగు అర అడుగుకి తగిలేలా చట్రం వంచితే గుడ్డు కనబడుతుంది.

గోదారి తోట:

అందరికీ ధన్యవాదాలండి. ఈ రోజు పదకొండు గంటలకి తెరిపిస్తే చూశాను.

ఎనిమిది చట్రాలు గారికి: అవునండి, మేలో పిల్లల గదిలో రెండేసి పట్టుల తేనె కూడా కోసేశాను. అలా కోసింది 3, 4, 5 పెట్టెల్లో. 1, 2 పెట్టెల్లో తేనె గదిలోదే తీశాను.

వలిసె పూలు గారికి: సంచిలా వచ్చిన పిల్ల ఒక్కటీ లేదు. గుమ్మం ముందువి ఎక్కువగా వట్టి తొక్కలే. కొన్ని మాత్రం కాస్త లావుగా ఉన్నాయి. అగ్గిపుల్లకి తీగ సాగలేదు, కంపు లేదు. బెజ్జం మూతలు పట్టంతా చెల్లాచెదురుగా ఉన్నాయి, మామూలు అరల మధ్యే. 4వ పెట్టెలో గుడ్లు అరకి ఒక్కటే, అడుగున నిలబడి ఉన్నాయి. 5వ పెట్టెలో ఒక్కో అరలో రెండు, మూడు, ఒకదాంట్లో నాలుగు. కొన్ని గోడకి అతుక్కుని ఉన్నాయి. రాణి బాగా గుడ్లు పెడుతోందని దీనర్థమా?

వలిసె పూలు:

కాదండి. 5వ పెట్టెలో రాణి లేదు. పోయి చాలా రోజులై ఉంటుంది.

రాణి పొట్ట పొడుగు. అర అడుగుకి అందుతుంది, నడిమధ్యన ఒక్క గుడ్డు నిలబెట్టి వెళ్తుంది. రాణి లేకుండా, కొత్త రాణిని చేసుకునే లేత పిల్లా లేకుండా పోతే కొన్ని కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలెడతాయి. వాటి పొట్ట అడుగుకి అందదు, అందుకే గోడలకి అంటిస్తాయి. ఒకదానికొకటి లెక్క తెలియదు, అందుకే అరకి మూడు నాలుగు. అవి పోతుటీగతో కలిసినవి కావు కాబట్టి ఆ గుడ్లన్నీ పోతుటీగలే అవుతాయి. మీ బెజ్జం మూతలు ఇవే. దేశవాళీ ఈగల్లో ఈ దశ ఐరోపా ఈగల కంటే తొందరగా వస్తుంది. గుమ్మం ముందు లావుగా పడినవి పోతుటీగ పిల్లలే. ఆకలి వేళ ఈగలు ముందు బయటికి గెంటేది వాటినే.

కాబట్టి రోగం భయం తగ్గింది. అయినా 4తో కలపొద్దు. గుడ్లు పెట్టే కూలి ఈగలు 4లో ఉన్న రాణిని చంపేస్తాయి, మూడు చట్రాల ఈగలు దాన్ని కాపాడలేవు. కలిపితే బలమైన 1తోనో 2తోనో కలపాలి.

ఎనిమిది చట్రాలు:

ఒప్పుకుంటున్నాను, 4, 5 కలపమన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. గుడ్లు చూడకుండా అని ఉండాల్సింది కాదు.

ఇప్పుడు పాకం. కిలో పంచదారకి లీటరు నీళ్లు. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, అప్పుడు పంచదార వేసి కలపాలి. వేశాక మళ్లీ పొయ్యెక్కించొద్దు, మాడిన పాకం ఈగలకి పడదు. నిమ్మరసం పిండొద్దు. బెల్లం వద్దు, విరేచనాలు పట్టుకుని పెట్టె గోడలంతా మరకలవుతాయి. కొట్లో కొన్న తేనె అసలొద్దు, ఏ పెట్టెల రోగం దాంట్లో ఉందో తెలియదు.

పోసే డబ్బా: పావులీటరు పట్టే ప్లాస్టిక్ డబ్బా మూతకి సన్నమేకుతో నాలుగు బెజ్జాలు. పాకం పోసి మూత బిగించి, ముందు పెరట్లో బోర్లించి చూడండి. నాలుగైదు చుక్కలు కారి ఆగిపోవాలి. ఆగకపోతే మూత బిగుతు చాల్లేదు, లేదా బెజ్జం పెద్దది. అలాంటిది పెట్టెలో పెడితే ఈగలు తడిసి చస్తాయి, కారిన తీపికి చీమలూ పక్క పెట్టెల ఈగలూ దిగుతాయి. సరిగ్గా ఉన్నదాన్ని చట్రాల పైపట్టీల మీద బోర్లించి, చుట్టూ ఖాళీ తేనె గది పెట్టి మూత వెయ్యండి. డబ్బా లేకపోతే కొబ్బరిచిప్పలో పోసి ఎండుగడ్డి పరకలు వెయ్యండి, ఈగలు వాటి మీద నిలబడి తాగుతాయి.

4వ పెట్టెకి మొదటి వారం రోజు విడిచి రోజు 200 మిల్లీలీటర్లు. తర్వాత వారానికి 200 గ్రాముల పంచదారకి సరిపడా పాకం, పూత అందేదాకా. 1, 2 పెట్టెలకీ వారానికోసారి అంతే. తెల్లారేసరికి తాగకుండా మిగిలితే తీసేయండి, పులుస్తుంది. పొద్దుగూకాకే పెట్టాలి, అన్ని పెట్టెలకీ ఒకే పూట. బలమైనదాన్ని ఎండగట్టి బలహీనమైనదానికి పోస్తే రెండో రోజే దోపిడీ, అంటే ఒక పెట్టె ఈగలు ఇంకో పెట్టెలో తీపి దోచుకోవడం. గుమ్మం దగ్గర ఈగలు జతలుగా పెనుగులాడుతూ కింద పడుతుంటే, వచ్చే ఈగలు సూటిగా దిగకుండా పెట్టె సందుల చుట్టూ తిరుగుతుంటే దోపిడీ అనుకోండి. 4వ పెట్టె గుమ్మం ఇప్పుడే రెండు ఈగలు పక్కపక్కన పట్టేంతకి చెక్కముక్కతో మూసేయండి.

వచ్చే ఏడాదికి: పిల్లల గదిలో తేనె ఈగలదే. తేనె గదిలోదైనా పట్టులో ముప్పాతిక భాగం పైన మూతలు పడ్డాకే తియ్యాలి. పచ్చితేనెలో నీటిశాతం ఎక్కువ, పులుస్తుంది. ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో నీరు 20 శాతం దాటకూడదు.

నల్లరేగడి:

నల్లగొండ నుంచి. ఇదంతా చదివినంక ఒక డౌటు. ఇటాలియన్ ఈగలు పెడితే ఈ పారిపోవుడు లొల్లి ఉండదు కదా అన్నా? తేనె కూడా ఎక్కువ అంటరు.

పొగడబ్బా:

పారిపోవడం తక్కువే. కానీ అవి ఉన్నచోట కూర్చుని బతికే ఈగలు కావు. పది చట్రాల లాంగ్‌స్ట్రాత్ పెట్టెలు పొద్దుతిరుగుడు, నువ్వులు, ఆవాలు పూసేచోటికల్లా లారీలో తిప్పాలి. తిప్పకపోతే కరువు నెలల్లో పంచదార బస్తాలే. పైగా వరోవా పేను. దేశవాళీ ఈగ దాన్ని కొరికి దులుపుకుంటుంది, ఇటాలియన్‌కి ఆ నేర్పు తక్కువ, ఏటా మందు పెట్టుకోవాలి. ఐదు పెట్టెల పెరటి తోటకి దేశవాళీయే సరి. ఏడాదికి పెట్టెకి ఐదు నుంచి పది కిలోలు వస్తే బాగా వచ్చినట్టే. పదుల కిలోలు కావాలంటే అది వేరే వ్యాపారం అన్నా.

గోదారి తోట గారికి రెండు మాటలు. పారిపోకుండా గుమ్మానికి రాణి గేటు (కూలి ఈగలు దూరేలా, రాణి దూరకుండా సన్న సందులున్న అడ్డు) పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. పెట్టినా నాలుగైదు రోజులకి మించొద్దు. పోతుటీగలు దాంట్లో ఇరుక్కుని చచ్చి గుమ్మం మూసేస్తాయి. కొత్త రాణి ఉన్న పెట్టెకైతే అది జతకట్టడానికి బయటికే పోలేదు. ఇటాలియన్ ఈగల కోసం చేసిన గేటు అసలు పనికిరాదు, మన రాణి సన్నది, దూరిపోతుంది. ఈగని ఆపేది తిండి, మూత పడని పిల్లలు.

రెండోది చీమలు. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉన్నాయనుకుంటాను. వానాకాలంలో వాటిలో ఎండుటాకు పడితే చీమలకి అదే వంతెన. గడ్డి పెరిగి పెట్టెకి తగిలినా అంతే. నీళ్ల మీద రెండు చుక్కలు వాడిన ఇంజిన్ ఆయిల్ వెయ్యండి, దోమలూ పుట్టవు. పెట్టెలు కొబ్బరి మానుల మొదట్లో ఉంటే జరపండి. మట్ట పడినా కాయ పడినా పైమూత పగులుతుంది, వాన లోపలికి పోతుంది. పెట్టె ముందుకి వేలెడు వాలుగా ఉండాలి, అడుగున నీరు నిలవకూడదు.

గోదారి తోట:

అర్థమైందండి. 5వ పెట్టె, 2వ పెట్టె నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. రేపు సాయంత్రం 5 పిల్లల గదిని ఎత్తి 2 మీద పెట్టేసి, మధ్యలో దినపత్రిక వేస్తే సరిపోతుందా? అలాగే 2 లోంచి మూత వేసిన పిల్లల చట్రం ఒకటి తీసి 4కి ఇద్దామనుకుంటున్నాను. రేపే రెండు పనులూ అయిపోతాయి.

వలిసె పూలు:

రెండూ ఒకే రోజు వద్దు, ఒకే పెట్టె నుంచీ వద్దు. ఈగల్ని కలిపే పెట్టెలోంచి పిల్లల్ని తీస్తే దాన్ని రెండు వైపులా కెలికినట్టవుతుంది. 4కి చట్రం 1వ పెట్టె నుంచి ఇవ్వండి, అది రేపు చెయ్యొచ్చు. మూతలు నిండుగా పడిన, మైనపు పురుగు గీతలేని చట్రం ఎంచుకోండి. దాని మీద రాణి లేదని రెండుసార్లు చూడండి, ఈగల్ని 1వ పెట్టెలోకే దులిపేసి ఉత్త చట్రం ఇవ్వండి. ఒక్కటే ఇవ్వాలి. మూడు చట్రాల ఈగలు అంతకంటే ఎక్కువ పిల్లల్ని వెచ్చగా కప్పలేవు. అడ్డుపలక పక్కన కాకుండా నడుమ పెట్టండి.

ఇక 5. నాలుగడుగులు ఒకేసారి జరిపితే మేతకి పోయిన ఈగలు పాత చోటికే వచ్చి తిరుగుతాయి. రోజుకి ఒక అడుగు చొప్పున 2 వైపు జరపండి. వాన పడి ఈగలు బయటికి రాని రోజు లెక్కలోకి రాదు, ఆ రోజు జరపొద్దు. పక్కపక్కకి వచ్చాక, పొద్దుగూకే వేళ 2వ పెట్టె రాణిని పట్టి చిన్న జాలీ పంజరంలో పెట్టి దాని చట్రాల మధ్యే వేలాడదీయండి. 2 పైమూత తీసి దినపత్రిక ఒక్క షీటు పరిచి, గుండుసూదితో పది పన్నెండు బెజ్జాలు చేసి, మీద వేలితో కాస్త పాకం రాయండి. దానిపైన 5 పిల్లల గది, అడుగుపలక లేకుండా. పోతుటీగ పిల్లలు ఎక్కువున్న పట్టు ముందే కోసి పారేయండి.

రెండు రోజులు మూత తియ్యొద్దు. మూడో రోజు పొద్దున అడుగుపలక మీద, గుమ్మం ముందు కాగితం నూకలు కనబడాలి, కనబడితే కొరికి కలిసిపోయినట్టే. అప్పుడు రాణిని వదలండి. పైగదిలోని ఈగల్ని కిందకి దులిపేసి ఆ గది తీసేయండి. కిందకి దించే ముందు పైపట్టుల్లో గుడ్ల కోసం వెతుకుతూ కూర్చోకండి, వానాకాలం పెట్టె ఐదు నిమిషాలకి మించి తెరిచి ఉండకూడదు.

గోదారి తోట:

సరేనండి, 4కి రేపు 1 నుంచి. 5 రేపటి నుంచి రోజుకో అడుగు. ఒక్క సందేహం, రాణిని పట్టడం చేతకాకపోతే?

పొగడబ్బా:

వేళ్లతో పట్టొద్దు. అగ్గిపెట్టె సగం తెరిచి రాణి ముందు పట్టు మీద బోర్లిస్తే తనే చీకట్లోకి నడుస్తుంది, వెంట నాలుగు కూలి ఈగలు వచ్చినా ఫరవాలేదు. పొగ మాత్రం తగ్గించండి, రెండు ఊపులు చాలు. పొగ ఎక్కువైతే దేశవాళీ ఈగలు పట్టు వదిలి మూలకి గుంపుగా పరిగెడతాయి, ఆ గుంపులో రాణి ఇక దొరకదు. దొరక్కపోతే ఆ పూటకి మూసేసి మర్నాడు చూడండి.